వెనుక చక్రం నూనె కక్కితే...

పాడేరు: మోదమాంబ పాదాల దగ్గర ఒక్క క్షణం ఆగి, దండం పెట్టుకుని ఘాటీ దిగే సర్వీసు జీపులో ఎంతమంది ఉన్నారో లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు. లోపల ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నవారు కాక, వెనుక కమ్మీ పట్టుకుని వేలాడేవారు కొందరు, టాపు మీద పసుపు బస్తాల మధ్య సర్దుకున్నవారు మరికొందరు. అందరి ధ్యాసా మలుపుల మీద, డ్రైవరు చేతుల మీద ఉంటుంది. వెనుక చక్రం లోపలివైపు టైరు మీద నల్లటి తడిచార ఏదైనా దిగిందా అని వంగి చూసే ప్రయాణికుడు ఉండడు. చూడవలసిన డ్రైవరుకు సంత రోజున తీరిక ఉండదు.

ఆ తడిచార వెనుక ఇరుసులోని ఆయిలు సీలు కారుతున్నదనడానికి గుర్తు. సీలంటే పెద్ద వస్తువేమీ కాదు. ఇనుప రేకు చట్రంలో బిగించిన రబ్బరు ఉంగరం, అరచేతిలో ఇమిడిపోతుంది. బండి మొత్తం మీద చౌకగా దొరికే సామాన్లలో అదొకటి. అయితే అది వదిలిన నూనె నేల మీద పడేలోగానే బ్రేకు డ్రమ్ములో చేరుతుంది. నూనె తాగిన బ్రేకులతో, పాతికమందిని ఎక్కించుకుని జీపు కొండ దిగడమంటే ఏమిటో మన్యంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

మూడు ఘాటీలు, ముసలి జీపులు

2022 ఏప్రిల్‌లో విశాఖ మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాడేరు జిల్లా కేంద్రమయింది. జిల్లా కొత్తదైనా దారులు పాతవే. మాడుగుల మీదుగా పాడేరుకు ఒకటి, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి దాటి అరకుకు ఒకటి, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి చింతపల్లికి ఒకటి. మైదానం నుంచి 900, 1,000 మీటర్ల ఎత్తుకు చేర్చే ముఖ్యమైన ఘాటీలు ఇవి. మంచి రోడ్డు ఉన్నంతవరకు ఆర్టీసీ బస్సు వెళుతుంది. ఆటోలు, మోటారు సైకిళ్లు కూడా బాగా పెరిగాయి. కాని వాగు దాటవలసిన చోట, బస్తాలు మోయవలసిన చోట, రాళ్లబాట ఎక్కవలసిన చోట జీపుకు సాటి వచ్చేది మరొకటి లేదు. బొర్రా గుహలు చూడవచ్చినవారిని కటికి జలపాతం వైపు తీసుకువెళ్లేవీ జీపులే.

ఈ జీపులన్నీ ఒక్క వంశానివి. 1945లో పుట్టిన మహీంద్రా సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అమెరికా విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. అమెరికాలో 1968తో ఆగిపోయిన సీజే-3బి మోడలు మన దేశంలో ఆ తరువాత కూడా చాలా ఏళ్లు తయారయింది. కమాండర్ వంటి పేర్లతో వచ్చిన పొడుగు జీపులు దాని సంతానమే. 2010లో థార్, 2020లో కొత్త థార్ వచ్చాయి. కంపెనీ తయారీ మానేసిన పాత మోడళ్లు మాత్రం మన్యంలో ఇంకా చాకిరీ చేస్తూనే ఉన్నాయి. వాటికి ఇంజను మార్చినవారున్నారు, బాడీ మార్చినవారున్నారు. వెనుక ఇరుసును ముట్టుకునేది మాత్రం అది మొరాయించినప్పుడే.

చీల, కందెన

ఎద్దుబండి తెలిసినవారికి ఈ వ్యవహారం బోధపడడం తేలిక. బండి ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. చక్రం జారిపోకుండా ఇరుసు చివర చీల ఉంటుంది. రాపిడి తగ్గడానికి ఆముదంలో మసి కలిపిన కందెన వేస్తారు. కందెన కారిపోతే మళ్లీ వేస్తారు. కారినందువల్ల ప్రమాదమేమీ లేదు, ఎందుకంటే ఆ చక్రం లోపల బ్రేకు లేదు.

జీపులో ఇరుసే తిరుగుతుంది. రెండు వెనుక చక్రాలను కలిపే లావుపాటి ఇనుప గొట్టాన్ని హౌసింగు అంటారు. దాని నడుమ బొజ్జలాంటి భాగంలో క్రౌను, పినియను పళ్లచక్రాలు గేరు ఆయిలులో మునిగి తిరుగుతుంటాయి. అక్కడినుంచి ఒక్కో చక్రానికి ఒక్కో షాఫ్టు వెళుతుంది. షాఫ్టు చివర, గొట్టం మూతి దగ్గర, బరువు మోసేది బేరింగు. పాత జీపులలో ఈ బేరింగుకు గ్రీజు విడిగా పెడతారు. అంటే ఒక్క జానెడు జాగాలో లోపల నూనె, మధ్యలో గ్రీజు, బయట ఎప్పుడూ పొడిగా ఉండవలసిన బ్రేకు. వీటిని ఒకదానితో ఒకటి కలవనీయకుండా కాపలా కాసేవి రెండు సీళ్లు. లోపలి సీలు నూనెను ఆపుతుంది, బయటి సీలు గ్రీజును ఆపుతుంది. లోపలిది పాడయితే పలుచటి నూనె వచ్చి బేరింగులోని గ్రీజును కడిగేస్తుంది. గ్రీజును ఆపడానికే పెట్టిన బయటి సీలు నూనె జోరుకు ఎక్కువకాలం నిలవదు. ఇక బ్రేకు షూలకు తైలాభిషేకమే.

సీలులో రబ్బరు పెదవి ఒకటి ఉంటుంది. దాని వెనుక సన్నని స్ప్రింగు చుట్టుకుని ఆ పెదవిని షాఫ్టుకు ఒత్తిపట్టి ఉంచుతుంది. షాఫ్టు తిరుగుతుంటే పెదవికీ ఇనుముకూ మధ్య కంటికి కనిపించనంత పలుచటి నూనె పొర నిలుస్తుంది. ఆ పొర కూడా లేకపోతే రబ్బరు మాడి గట్టిపడుతుంది. గట్టిపడిన పెదవి నూనెను ఆపలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. లారీలు, బస్సుల వంటి భారీ వాహనాలలో సాధారణంగా బరువంతా హౌసింగు మీదే పడుతుంది. షాఫ్టు పని చక్రాన్ని తిప్పడం వరకే. షాఫ్టు ఊడదీసినా చక్రం నిలబడుతుంది. జీపులో అలా కాదు. తిప్పేదీ షాఫ్టే, మోసేదీ షాఫ్టే. బేరింగు పట్టేసి షాఫ్టు విరిగిందా, చక్రం ముక్కతో సహా బయటికి వచ్చేస్తుంది. ఎద్దుబండికి చీల ఎంతో జీపుకు ఈ బేరింగు అంత.

బరువు సంగతి సర్వీసు జీపుల యజమానులకు నచ్చకపోవచ్చు. వెనుక చక్రాలకు ఇంకా వెనుకగా కమ్మీ మీద నిలబడ్డ మనిషి ఇరుసు మీద మోపే భారం అతని బరువు కంటే ఎక్కువ. కావిడి బద్దకు ఒక కొసన బరువు వేస్తే రెండో కొస లేచినట్టు, ముందు చక్రాల మీద ఉండవలసిన భారంలో కొంత కూడా వెనక్కు వచ్చి చేరుతుంది. నలుగురు వేలాడితే బేరింగు ఆయుష్షు ఎంత తగ్గుతుందో ఆలోచించుకోవచ్చు.

పాత జీపుల ఇరుసులో ఉండేది రోలర్లు ఏటవాలుగా పేర్చిన బేరింగు. అమెరికాలో గుర్రపు బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ 1898లో దీనికి పేటెంటు పొందాడు. మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పక్కవాటు ఒత్తిడి పడి బగ్గీల ఇరుసులు త్వరగా పాడయ్యేవి. పైనుంచి పడే బరువునూ, పక్కనుంచి వచ్చే తోపునూ ఒక్క బేరింగే తట్టుకోవడం దీని గొప్ప. మలుపు మీద మలుపు వచ్చే ఘాటీలో ఆ గుణం అక్కరకు వస్తుంది.

అసలు దొంగ ఎవరు?

నూనె కారుతున్నదని బండి షెడ్డుకు వస్తుంది. సీలు మారుస్తారు. నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. సీలు డూప్లికేటు అని ఒకరంటారు, మేస్త్రీకి పని రాదని మరొకరంటారు. రెండూ నిజం కావచ్చు. కాని చాలాసార్లు అసలు దొంగ ఇద్దరూ కాదు. హౌసింగు నెత్తిన బొత్తాం అంత ఉండే బ్రీదరు.

బ్రీదరంటే ఇరుసు ముక్కు. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికీ, చల్లబడినప్పుడు లోపలికి రావడానికీ అది పెట్టారు. నిండు బరువుతో ఘాటీ ఎక్కిన జీపు ఇరుసు ముట్టుకోలేనంతగా కాలుతుంది. 30 డిగ్రీల దగ్గర ఉన్న గాలి 90 డిగ్రీలకు వేడెక్కితే, పోవడానికి దారి లేకపోతే, దాని ఒత్తిడి సుమారు ఐదోవంతు పెరుగుతుంది. బ్రీదరు మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ ఒత్తిడి ఎటు పోవాలి? బలహీనంగా ఉన్నది సీలు పెదవి. అక్కడినుంచే నూనెను వెంటబెట్టుకుని బయటపడుతుంది. కొత్త సీలు వేసినా ఇదే కథ.

వాగు దగ్గర కథ తిరగబడుతుంది. కాలిన ఇరుసు చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. సీలు లోపలి నూనెను బయటికి పోకుండా ఆపడానికి చేసింది. బయటి నీరు లోపలికి లాగబడుతుంటే అంత గట్టిగా అడ్డుకోలేదు. బ్రీదరు కూడా నీళ్లలో మునిగితే అటునుంచీ నీరు చేరుతుంది. మోకాలిలోతు నీరు చాలు పాత జీపు ఇరుసు మునగడానికి. 2020 థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో పోగలదని కంపెనీ ప్రకటించింది. దానికి వచ్చిన 18 అంగుళాల రిమ్ము టైరుతో లెక్కచూస్తే చక్రం మధ్యభాగం నేలనుంచి 400 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అంటే ఆ లోతులో ఇరుసు పూర్తిగా నీటి అడుగున ఉన్నట్టే. వాగులు దాటడం కోసం పుట్టిన బండికి బ్రీదరు ఎంత ముఖ్యమో దీనిని బట్టి తెలుస్తుంది.

బ్రీదరు విప్పి కిరసనాయిలులో కడిగి, నోటితో ఊదితే గాలి ధారాళంగా పోతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. నూనెకు తట్టుకునే రబ్బరు గొట్టం ఒకటి తగిలించి, రెండో కొసను ఛాసిస్ మీదుగా పైకి తెచ్చి కట్టుకుంటే వాగులో మునిగే బాధే ఉండదు. దీనికయ్యే ఖర్చు ఒక సంత ట్రిప్పులో ఇద్దరి చార్జీకి మించదు.

బ్రీదరు కాక మిగిలిన దొంగలూ లేకపోలేదు. గేరు ఆయిలు ఎక్కువ పోసినా నూనె గొట్టంలోకి పొంగి సీలును తోస్తుంది. బండి ఏటవాలు నేల మీద ఉండగా లెవెలు చూసి పోయడం దీనికి కారణం, కొండ ఊళ్లలో సమతలం దొరకడం కష్టమే మరి. గ్రీజు నిపిలు ఉన్న పాత ఇరుసులలో గన్నుతో మితిమీరి కొడితే గ్రీజే బయటి సీలును తోసుకుని డ్రమ్ములో పడుతుంది. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతుంటే ఏ సీలూ నిలవదు. ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుని షాఫ్టు మీద గాడి పడినా అంతే. గోటితో షాఫ్టును నిమిరి చూస్తే చాలు. గోరు ఎక్కడైనా ఆగిందంటే కొత్త సీలు పెదవి అక్కడ ఆనదు.

వాసనే సాక్ష్యం

వెనుక చక్రం తడిసినంత మాత్రాన అది గేరు ఆయిలే అనుకోరాదు. బ్రేకుల వీలు సిలెండరు కారినా చక్రం అలాగే తడుస్తుంది. పోల్చుకోవడం కష్టం కాదు. గేరు ఆయిలు చిక్కగా, జిగటగా ఉండి గంధకం కలిసిన కుళ్లు వాసన కొడుతుంది. పళ్లచక్రాల ఒత్తిడికి తట్టుకోవడానికి అందులో గంధకపు రసాయనాలు కలుపుతారు. ఒకసారి వాసన చూసినవారు మరచిపోరు. బ్రేకు ఆయిలు పలుచన, ఆ వాసన ఉండదు, నీళ్లు పోస్తే నీళ్లలో కలిసిపోతుంది. బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం తగ్గుతున్నదా అన్నది మరో సాక్ష్యం. ఇది తేల్చుకోకుండా ఇరుసు విప్పడం తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టే.

బేరింగు సంగతి చెవికి తెలుస్తుంది. వెనుకనుంచి గురగురమని మూలుగు వినిపిస్తూ, బండి ఒక పక్కకు తిరిగినప్పుడు హెచ్చి, మరో పక్కకు తిరిగినప్పుడు తగ్గుతుంటే అనుమానించవలసిందే. జాకీ మీద చక్రాన్ని లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే టకటకలాడుతుంది. కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపిన తరువాత రెండు వెనుక డ్రమ్ముల దగ్గరకు చెయ్యి తీసుకువెళ్లి చూస్తే, ఒకటి మామూలుగా ఉండి మరొకటి సెగలు కక్కుతుంటే అదీ ఒక గుర్తే.

బ్రేకు కూడా చెబుతుంది. నూనె పట్టిన షూ ఒక్కోసారి అసలు పట్టదు. ఒక్కోసారి, ముఖ్యంగా కొద్దిగా తడిసి జిగురెక్కినప్పుడు, హఠాత్తుగా చక్రాన్ని పట్టేస్తుంది. ఎటు కారుతున్నదో అటు చక్రం ఒకలా, రెండోది మరొకలా పనిచేస్తే తడిరోడ్డు మీద బండి తోక తిప్పుతుంది. వర్షాకాలంలో లోయ పక్క మలుపులో ఇది జరిగితే డ్రైవరు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది కొద్ది.

సమ్మెట వద్దు, పుల్లరు కావాలి

పని మొదలుపెట్టడంలోనే ఒక గండం ఉంది. పాత జీపులలో హ్యాండు బ్రేకు చక్రాల మీద పనిచేయదు. గేరు పెట్టె వెనుక, వెనుక ఇరుసుకు వెళ్లే షాఫ్టు మీద ఉంటుంది. ఒక వెనుక చక్రాన్ని జాకీ మీద లేపగానే, ఆ చక్రం గాలిలో వెనక్కు తిరుగుతూ నేలమీద ఉన్న రెండో చక్రాన్ని ముందుకు పోనిస్తుంది. హ్యాండు బ్రేకు వేసి ఉన్నా బండి దొర్లుతుంది. అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టడం, హౌసింగు కింద గట్టి చెక్కదిమ్మలు వేయడం అయిన తరువాతే ఎవరైనా బండి కిందికి దూరాలి. జాకీని నమ్మి దూరరాదు.

నడిమి నట్టును చక్రం నేలమీద ఉండగానే వదులు చేయాలి. స్ప్లిట్ పిన్ను తీసి, పానాకు పొడుగాటి పైపు తొడిగి ఇద్దరు తొక్కితే గాని కదలదు. తరువాత అసలు పరీక్ష హబ్బు దగ్గర. పాత జీపు షాఫ్టు కొస కోసుగా ఉంటుంది. హబ్బు దాని మీద కీతో సహా బిగిసి కూర్చుంటుంది. ఏళ్లు గడిచాక అది షాఫ్టులో భాగమైపోయినట్టే ఉంటుంది. దీనిని లాగడానికి గట్టి పుల్లరు కావాలి. పుల్లరు లేని షెడ్డులో సమ్మెట లేస్తుంది. షాఫ్టు కొస మీద కొట్టిన దెబ్బ అక్కడితో ఆగదు. రెండు షాఫ్టులూ నడుమ ఒక దిమ్మకు ఆనుకుని ఉంటాయి. ఈ పక్క కొట్టిన దెబ్బ దిమ్మ గుండా పోయి ఆ పక్క బేరింగుకు తగులుతుంది. కుడిచక్రం బాగుచేయబోయి ఎడమచక్రం బేరింగు మీద గాట్లు పెట్టుకోవడం ఇలాగే జరుగుతుంది. పైగా మరలు చితికిపోయి నట్టు ఎక్కదు. పుల్లరు బిగించి, దాని తల మీద ఒక దెబ్బ వేసి, తొందర పడకుండా కాసేపు వదిలేస్తే హబ్బు ఫట్టుమని తనంతట తానే వదులుతుంది. ఆ చప్పుడుకు పక్కనున్నవారు ఉలిక్కిపడతారు. నట్టును పూర్తిగా తీసేయకుండా కొసన నాలుగు చుట్లు ఉంచేది అందుకే, హబ్బు ఎగిరి మీద పడకుండా.

హబ్బు వచ్చాక బ్రేకు పైపు విప్పి, బ్యాక్ ప్లేటు తీస్తే దాని వెనుక పల్చటి రేకు ఉంగరాలు కనిపిస్తాయి. ఇవే షిమ్ములు. వీటిని చెత్తతోపాటు ఊడ్చేసిన షెడ్డు పని నెలరోజులు నిలవదు. షాఫ్టు ఇటూ అటూ ఎంత కదలాలో నిర్ణయించేవి ఇవి. ఆ కదలిక అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. బొత్తిగా లేకపోతే బేరింగు వేడెక్కి మాడుతుంది. ఎక్కువయితే షాఫ్టు కొట్టుకుని సీలు చిరుగుతుంది. రెండు షాఫ్టులూ దిమ్మకు ఆనుకుని ఉన్నాయి గనుక ఒక పక్క షిమ్ము మారిస్తే రెండో పక్క కూడా మారుతుంది. డయల్ గేజి పెట్టి కొలవడమే న్యాయం. చేతితో ఊపి సరిపోయిందనడం అనుభవజ్ఞులకే చెల్లుతుంది, వారికీ ఒక్కోసారి చెల్లదు.

షాఫ్టు బయటికి లాగాక గొట్టం లోపల చాలా దూరంలో పాత సీలు కూర్చుని ఉంటుంది. దాన్ని కొక్కెంతో లాగాలి. ఉలితో పొడిస్తే హౌసింగు లోపలి గోడ మీద గీత పడుతుంది, రేపు కొత్త సీలు చుట్టూ నూనె అక్కడినుంచే దారి చేసుకుంటుంది. ఎలాగూ విప్పారు గనుక గేరు ఆయిలును కూడా పళ్లెంలోకి దించి చూడడం మంచిది. అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీరు చేరినట్టు. ఇనుప రజను మెరుస్తుంటే పళ్లచక్రాలో, బేరింగులో అరుగుతున్నట్టు. ఆ దించిన నూనెను వాగు ఒడ్డున పారబోసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. కింద గూడెంవారు తాగేది ఆ నీళ్లే.

బేరింగు కప్పు, కోను రెండు ముక్కలు. వేటి నంబరు వాటి మీదే చెక్కి ఉంటుంది. ఒకటి బాగానే ఉందని ఉంచి రెండోది మార్చడం పొదుపు కాదు. అరిగిన కప్పు మీద కొత్త రోలర్లు సాఫీగా తిరగవు. కొత్త కోనును షాఫ్టు మీద ఎక్కించేటప్పుడు లోపలి ఉంగరం మీదే ఒత్తిడి పడాలి. రోలర్ల పంజరం మీద ఒక్క దెబ్బ పడినా అది కొత్త బేరింగు కాదు. ప్రెస్ ఉన్న షెడ్డు మన్యంలో దూరమయితే షాఫ్టును నర్సీపట్నమో చోడవరమో పంపడానికి వెనుదీయరాదు. ఇక తరువాతి తరం జీపులలో చాలావాటికి షాఫ్టు కొసే పళ్లెంలా ఉంటుంది. హబ్బు విడిగా ఉండదు. వీటిలో బేరింగు వెనుక గట్టి ఉంగరం ఒకటి బిగుతుగా ఎక్కించి ఉంటుంది. దానిని గ్రైండరుతో సగం కోసి ఉలితో చీల్చి తీస్తారు. గ్రైండరు షాఫ్టును తాకితే ఆ గాటు దగ్గరే రేపు షాఫ్టు విరుగుతుంది. గ్యాసు మంటతో కాల్చి తీస్తే ఉక్కు పదును పోతుంది.

బేరింగుకు గ్రీజు పూయడం కాదు, కూరాలి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికి ఒత్తుతూ పోతే, రోలర్ల సందులనుంచి అవతలివైపుకు పురుగుల్లా పొడుచుకు వస్తుంది. అలా చుట్టూ వచ్చేదాకా ఒత్తాలి. సీలుకు స్ప్రింగు కనిపించే వైపు నూనె వైపు ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాసి, సరిసమానమైన కొలత గల పైపు ముక్క ఆనించి, వంకర పోకుండా నెమ్మదిగా కూర్చోబెట్టాలి. ఆపైన షాఫ్టును దూర్చేటప్పుడు బరువు సీలు మీద ఆనకుండా ఎత్తిపట్టి లోపలికి పంపాలి. షాఫ్టు కొసన ఉన్న పళ్లు పెదవిని చీల్చాయంటే ఇంతసేపు పడ్డ శ్రమంతా వృథా. ఈ ఒక్క క్షణంలో చిరిగిన సీళ్లకు డూప్లికేటు సీళ్లని చెడ్డపేరు వచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

కాల్చిన షూలు

సీలు, బేరింగు కొత్తవి వేసి, నూనె తాగిన బ్రేకు షూలను మాత్రం పెట్రోలుతో కడిగి, మంటమీద కాల్చి మళ్లీ వేయడం మామూలే. పైకి పొడిగానే కనిపిస్తాయి. కాని లైనింగు లోతుల్లోకి ఇంకిన నూనె మంటకు పూర్తిగా పోదు. ఘాటీ దిగుతూ నాలుగుసార్లు బ్రేకు తొక్కి డ్రమ్ము వేడెక్కగానే మళ్లీ పైకి చెమరుస్తుంది. అంటే బ్రేకు ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే మోసం చేస్తుంది. షూలను మార్చి తీరాలి. ఒక చక్రానికి మార్చి రెండోదానికి మానేయడం కూడా పనికిరాదు. రెండు వెనుక చక్రాలకూ ఒకే రకం లైనింగు ఉండకపోతే ఒకటి ముందు పట్టి, ఒకటి తరువాత పడుతుంది. డ్రమ్మును సబ్బునీళ్లతో జిడ్డు పోయేదాకా కడగాలి. షూల పొడిని గాలిగొట్టంతో ఊదే అలవాటు మానుకోవాలి. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఈ మొత్తం పనికి సామాను ఖరీదు, మేస్త్రీ కూలి కలిపి చూసుకున్నా, యజమానిని బాధించేది అది కాదు. బండి ఒకటి రెండు రోజులు నిలిచిపోవడం, అందులో సంత రోజు పోవడం. అందుకే సీలు కారడం కనిపించినా వచ్చే వారం చూద్దామని వాయిదా పడుతుంది. వాయిదాలో గ్రీజు కొట్టుకుపోయిన బేరింగు అరుగుతుంది, బేరింగు అరిగితే షాఫ్టు పోతుంది. అప్పుడు నిలిచేది రెండు రోజులు కాదు. షాఫ్టు కోసం విశాఖ ఆటోనగర్‌కో, అక్కడా దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌కో మనిషిని పంపి ఎదురుచూడాలి. వానలు తగ్గి, అరకు, లంబసింగి వైపు యాత్రికుల రద్దీ మొదలయ్యేలోగా ఈ పని ముగించుకునే యజమానులు తెలివైనవారు. వానాకాలమంతా వాగుల్లో తిరిగిన ఇరుసుకు అప్పుడే పరీక్ష అవసరం కూడా.

పని ముగింపులోనూ ఒక పొరపాటు కాచుకుని ఉంటుంది. హబ్బు నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను కోసం రంధ్రం, గాడి ఎదురుబొదురు రాకపోతే నట్టును కాస్త వెనక్కు తిప్పి పిన్ను వేసేస్తారు. అది తప్పు. ఇంకా బిగించే గాడిని కలపాలి తప్ప వదులు చేయరాదు. వదులైన హబ్బు కోసుమీద కదిలి ముందు కీని తింటుంది, తరువాత షాఫ్టునే తింటుంది. బ్రేకు పైపు విప్పారు గనుక గాలి తీయాలి. బండిని సమంగా నిలబెట్టి, లెవెలు రంధ్రంలో వేలు పెడితే నూనె తగిలేదాకా 90 నంబరు గేరు ఆయిలు పోయాలి, అంతకు మించి పోయరాదు. తరువాత ఖాళీ బండిని నాలుగు కిలోమీటర్లు తిప్పి వచ్చి, రెండు డ్రమ్ములూ సమానంగా వెచ్చబడ్డాయా, చక్రాల లోపలివైపు పొడిగా ఉందా అని చూసి, నట్టును మరొకసారి బిగించి, పాతది కాకుండా కొత్త పిన్ను వేయాలి. జనాన్ని ఎక్కించుకోవడం ఆ తరువాతి మాట.